అన్నవాహిక క్యాన్సర్ తొలి దశలో రేడియేషన్: నారాయణపేట జిల్లా కుటుంబాలు అడిగే ప్రశ్నలు

ఈ జబ్బు ముందుగా తినే తిండిలో తెలుస్తుంది. మొదట జొన్నరొట్టె దిగదు. రొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటారు. కొన్నాళ్లకు అన్నం కూడా అడ్డం పడుతుంది, అప్పుడు గట్క, అంబలి మీదికి వస్తారు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్రలు తెస్తారు. ఇలా నెలలు గడిచిపోతాయి. అందుకే అన్నవాహిక క్యాన్సర్ తొలి దశలోనే బయటపడినవాళ్లు మన దగ్గర తక్కువ. అలా బయటపడిన వాళ్లకు వైద్యంలో ఒకటి కంటే ఎక్కువ దారులుంటాయి. ఆ దారులన్నీ విని, తెలుసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టే హక్కు పేషెంటుకు ఉంది. కింది ప్రశ్నలు ఆ హక్కు గురించీ, దాన్ని నిలబెట్టే నిబంధనల గురించీ.

మా నాయినకు ముద్ద దిగుతలేదు. ఊర్లకు వచ్చే క్యాన్సర్ పరీక్షల్ల ఇది తెలుస్తదా?

తెలియదు. ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవాళ్లకు చేసే స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి. అన్నవాహిక ఆ జాబితాలో లేదు. ఆశా కార్యకర్త వచ్చి అన్నీ బాగున్నాయని రాసుకుని వెళ్లినా, ముద్ద అడ్డం పడుతోందంటే దాని సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

దీన్ని తేల్చే పరీక్ష ఎండోస్కోపీ. నోట్లోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రెండు మూడు వారాలుగా మింగడం కష్టమవుతున్నా, తిన్నది వెనక్కి వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ రాయమని డాక్టరును మీరే అడగండి. బీడీ, గుట్కా, తంబాకు, సారా అలవాటున్న మనిషైతే ఇంకా ముందే అడగాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం, దాని వెనక ఉన్న పెద్ద కారణాలు పొగాకు, మద్యం.

మొదటి దశ అంటున్నరు. కోత లేకుండ కరెంటు పెట్టిచ్చుకుంటే పోతదా?

అందరూ అడిగేది ఇదే. మనవాళ్లు కరెంటు అనేది రేడియేషన్‌నే. జవాబు జబ్బు గోడలోకి ఎంత లోతు దిగిందన్నదాని మీద ఉంటుంది.

అన్నవాహిక గోడ పొరలు పొరలుగా ఉంటుంది. జబ్బు పైపొరలోనే ఉంటే డాక్టర్లు దాన్ని టీ1ఏ అంటారు. చాలామందికి దాన్ని ఎండోస్కోపీతోనే గీరి తీసేస్తారు, ఛాతీ కోయరు, రేడియేషనూ అక్కర్లేదు. ఈ దశలో ఎవరైనా నేరుగా పెద్ద ఆపరేషన్ అన్నా, నేరుగా రేడియేషన్ అన్నా, ‘ఎండోస్కోపీతో తీయడానికి వీలవుతుందా’ అని ఒక్కసారి అడగాలి.

జబ్బు పైపొర దాటి దాని కింది పొరలోకి దిగి, లింఫు గ్రంథులకు పాకకపోతే అది టీ1బీ. ఇక్కడే అసలైన ఎంపిక వస్తుంది. ఎక్కువ మంది డాక్టర్లు చెప్పేది ఆపరేషనే, అందులో అన్నవాహికను తీసేసి పొట్టను పైకి లాగి కలుపుతారు. అయితే జపాన్‌లో జేసీఓజీ 0502 అనే అధ్యయనం ఇదే దశలో ఉన్న స్క్వామస్ క్యాన్సర్ పేషెంట్లను ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, కీమోతో కలిపి రేడియేషన్ తీసుకున్నవాళ్లు అని రెండు జట్లుగా చూసింది. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఆపరేషన్ జట్టులో 86.5 శాతం, కీమో-రేడియేషన్ జట్టులో 85.5 శాతం. దాదాపు సమానం. ఎవరికి ఏ వైద్యమో చీటీలు వేసి తేలుద్దామని ఆ డాక్టర్లు అనుకున్నారు కానీ, పేషెంట్లలో చాలామంది ఒప్పుకోలేదు, ఏది కావాలో తామే ఎంచుకున్నారు. అందువల్ల పోలిక నూటికి నూరు పాళ్లు కచ్చితమని అనలేం. రేడియేషన్ జట్టులో జబ్బు అదే చోట తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది కూడా. అలాంటివాళ్లలో చాలామందికి మళ్లీ ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో తీసేయగలిగారు. ఆపరేషన్ వద్దనుకుని రేడియేషన్ ఎంచుకునేవాళ్లు దీన్నిబట్టి తెలుసుకోవాల్సింది ఏమిటంటే, వైద్యం అయ్యాక కొన్నేళ్లపాటు తప్పకుండా ఎండోస్కోపీ చెకప్‌లకు వెళ్లాలి. వెళ్లలేని పరిస్థితి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంకో సంగతి. రేడియేషన్ ఒక్కటే పెడితే చాలదు. అమెరికాలో ఆర్‌టీఓజీ 85-01 అనే అధ్యయనం జబ్బు కొంత ముదిరినవాళ్ల మీద జరిగింది. రేడియేషన్ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఐదేళ్లకు ఎవరూ మిగల్లేదు, కీమో కలిపి తీసుకున్నవాళ్లలో 26 శాతం బతికారు. అందుకే నయం చేసే ఉద్దేశంతో రేడియేషన్ పెడుతుంటే, ఒంటికి తట్టుకునే శక్తి ఉన్నంతవరకు కీమో పక్కనే ఉంటుంది. కీమో వద్దని మీరే చెప్పదలచుకుంటే, దానివల్ల ఏం నష్టపోతారో అడిగి తెలుసుకున్నాకే చెప్పండి.

జబ్బు మెడ భాగంలో, గొంతుకు దగ్గరగా ఉంటే ఆపరేషన్ చేస్తే స్వరపేటిక కూడా పోయే ప్రమాదం ఉంది కాబట్టి సాధారణంగా కీమో-రేడియేషన్‌కే మొగ్గు చూపుతారు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉండి పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు కూడా ఇదే దారి.

ఆపరేషన్‌కు ముందు కీమో-రేడియేషన్ ఇవ్వడమనే పద్ధతి కూడా ఉంది. అది కొంత ముదిరిన దశలో బాగా పనిచేస్తుంది. తొలి దశలో దానివల్ల ఆయుష్షు పెరగలేదనీ, ఆపరేషన్ తర్వాత మరణాలు ఎక్కువయ్యాయనీ ఫ్రాన్స్‌లో జరిగిన ఒక అధ్యయనం 2014లో చెప్పింది. ‘మొదటి దశ అంటున్నారు కదా, మరి ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఎందుకు’ అని అడగడం తప్పు కాదు.

డాక్టరు ఒక్కటే దారి చెప్పిండు. ఇంకో డాక్టరుకు చూపిస్తే కోపం చేస్తడేమో?

చేయకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకోవడం పేషెంటు హక్కని స్పష్టంగా ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయాలని 2019లో రాష్ట్రాలకు రాసింది.

రెండో డాక్టరు దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్తే లాభం లేదు. ఎండోస్కోపీ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, సీటీ లేదా పెట్ స్కాన్ సీడీ కావాలి. బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి, అవి ఉంటే రెండో ఆస్పత్రి మళ్లీ ముక్క తీయకుండానే చూడగలదు. డాక్టర్ల ప్రవర్తన నియమావళి 2002 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. నోటితో అడిగితే ‘రేపు రండి’ అంటారు. తెల్లకాగితం మీద రాసి, ఒక జిరాక్సు తీసుకుని, దాని మీద తేదీతో సంతకం వేయించుకోండి.

సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కూర్చుని కేసు చూడటాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. ‘మా కేసు ట్యూమర్ బోర్డుకు పెట్టారా, ఏమని రాశారు’ అని అడగండి. తొలి దశలో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. ఒక్క సర్జన్‌నే కలిస్తే ఆపరేషన్ గురించే వింటారు, ఒక్క రేడియేషన్ డాక్టరునే కలిస్తే రేడియేషన్ గురించే వింటారు.

సంతకం పెట్టమన్న కాగితం ఇంగ్లీషుల ఉన్నది. మాకు కన్నడం వస్తది, ఉర్దూ వస్తది, ఇంగ్లీషు రాదు.

అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పిన ప్రకారం, చికిత్స ఏమిటి, ఎందుకు, దాని వల్ల లాభం ఏమిటి, నష్టం ఏమిటి, వేరే దారులేమున్నాయి, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి పేషెంటుకు చెప్పాకే సమ్మతి తీసుకోవాలి. పేషెంటుకు తెలిసిన భాషలో చెప్పకపోతే చెప్పినట్టు కాదు. కృష్ణ, మాగనూరు వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలు, నారాయణపేట టౌన్‌లో ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్ ఆస్పత్రిలో తెలుగులో చెప్పినా అర్థం కాని పెద్దవాళ్లుంటే, వాళ్ల భాష తెలిసిన నర్సునో అటెండరునో పిలవమనండి. ఇంటి నుంచి భాష తెలిసిన మనిషిని వెంట తీసుకుపోయినా మంచిదే.

సంతకం పెట్టాల్సింది పేషెంటు. స్పృహలో ఉండి, మాట్లాడగలుగుతున్న మనిషిని పక్కన కూర్చోబెట్టి కొడుకు చేత సంతకం పెట్టించడం సరికాదు. ‘నాయినకు చెప్పకండి, భయపడ్తడు’ అని పిల్లలు అనడం ప్రేమతోనే. కానీ వారాల తరబడి రోజూ ఆ యంత్రం కింద ఒంటరిగా పడుకునేది ఆయన. ఆపరేషనా రేడియేషనా అన్నది కూడా ఆయన శరీరం గురించిన విషయం.

ఆరోగ్యశ్రీల రేడియేషన్ ఉన్నదా?

ఉంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. నారాయణపేట అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. రాష్ట్రంలో ఈ పథకాన్ని ముందుగా చూసినవాళ్లలో మనవాళ్లున్నారు. మొదట్లో కుటుంబానికి రూ.2 లక్షల వరకు ఉండేది, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి ఏడాదికి రూ.10 లక్షలు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడింటికీ ప్యాకేజీలున్నాయి.

ఆహార భద్రత కార్డు, ఆధార్ తీసుకుని నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కుకు వెళ్లండి. ముందు అనుమతి వస్తేనే చికిత్స మొదలవుతుంది, అందుకే పరీక్షల రిపోర్టులన్నీ ఒకేసారి ఇవ్వాలి. రేడియేషన్ ప్యాకేజీల్లో పాత పద్ధతులు, కొత్త పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. మీకు ఏ పద్ధతి, ఏ ప్యాకేజీ, ఎన్ని విడతలకు అనుమతి వచ్చిందో ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి. అనుమతి వచ్చిన చికిత్సకు పైన డబ్బు అడగకూడదు. అడిగితే 104కు ఫోన్ చేయండి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిది, 1955 నుంచి ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లోనూ రేడియేషన్ విభాగం ఉంది. ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు కూడా ఉన్నాయి. జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో చెప్పింది. అవి ప్రధానంగా కీమో కోసం. రేడియేషన్ యంత్రానికి మందపాటి కాంక్రీటు గోడల గది, ప్రత్యేక సిబ్బంది కావాలి కాబట్టి దాని కోసం పట్నం ప్రయాణం తప్పదు.

కార్డు లేకపోతే?

కార్డులో పేరు లేకపోతే ముందు మీ సేవలో దరఖాస్తు పెట్టండి. ఈలోపు చికిత్స ఆగకూడదు కాబట్టి ముఖ్యమంత్రి సహాయ నిధి చూడండి. ఎమ్మెల్యే లేదా ఎంపీ ఆఫీసు ద్వారా దరఖాస్తు వెళ్తుంది, 2024 జూలై నుంచి ఆన్‌లైన్‌లోనే తీసుకుంటున్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలో చికిత్సకు ముందే ఎస్టిమేట్ తీసుకుని ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ముందే ఇచ్చే హామీ పత్రం) కోసం అడగవచ్చు. ప్రైవేటులో కట్టిన బిల్లులకైతే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. జిరాక్సులు చెల్లవు, అసలు బిల్లులు పారేయకండి. ఆరోగ్యశ్రీలో అయిన చికిత్సకు మళ్లీ ఇక్కడ అడగడం కుదరదు.

ఈఎస్ఐ ఉన్న ఫ్యాక్టరీలో, కంపెనీలో పనిచేసేవాళ్లకు ఇంకో హక్కుంది. క్యాన్సర్ దీర్ఘకాల జబ్బుల జాబితాలో ఉంది. కావలసినంత సర్వీసు, చందా ఉంటే పనికి పోలేని కాలానికి జీతంలో 80 శాతం వరకు ఇస్తారు. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు క్యాష్‌లెస్ అనుమతి మీద గంటలోపు, డిశ్చార్జి అనుమతి మీద మూడు గంటల్లోపు కంపెనీ జవాబివ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది.

మేము బొంబాయిల మేస్త్రీ పనిల ఉన్నం. అక్కడ చేయించుకోవచ్చునా?

ఆయుష్మాన్ భారత్ కార్డుకు అర్హత ఉన్న కుటుంబమైతే చేయించుకోవచ్చు. తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరింది. దాని కింద ఏడాదికి కుటుంబానికి రూ.5 లక్షల వరకు, పథకంలో ఉన్న ఏ రాష్ట్రపు ఆస్పత్రిలోనైనా చికిత్స చేయించుకునే వీలుంది. రాయచూరు, కలబురగి దగ్గరగా ఉండే సరిహద్దు ఊళ్లవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబర్ నుంచి ప్రత్యేక కార్డు ఇస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందు అది తీసి పెట్టుకోండి. అర్హత తెలుసుకోవడానికి 14555.

బయల్దేరేముందు ఒక లెక్క వేసుకోండి. పని బొంబాయిలో ఉన్నా, ఐదారు వారాలు తోడుండే మనిషి ఎక్కడున్నాడో అక్కడ చేయించుకోవడం మేలు.

రోజూ పోవాల్నా? దారి ఖర్చు ఎట్ల?

వారానికి ఐదు రోజులు. తరచూ ఇచ్చే మోతాదు 50.4 గ్రే (రేడియేషన్ కొలత), దాన్ని 28 విడతలుగా ఇస్తారు, అంటే ఐదున్నర వారాలు. అంతకంటే ఎక్కువ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందన్నది అమెరికాలో జరిగిన పరీక్షలో రుజువు కాలేదు. కొన్నిచోట్ల, కొన్ని కేసుల్లో మోతాదు వేరుగా ఉంటుంది, మీ షీటు చూపించమని అడగండి. ఒక్కో విడత యంత్రం కింద గడిపేది కొన్ని నిమిషాలే. అందుకే ఆస్పత్రిలో చేర్చుకోరు, అసలు సమస్య పట్నంలో ఉండటానికి చోటు దొరకడమే. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ఆస్పత్రిలోని సోషల్ వర్కరును బస గురించి అడగండి.

నారాయణపేట నుంచి హైదరాబాద్ సుమారు 165 కిలోమీటర్లు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ప్రయాణం ఉచితం, పేషెంటుకైనా తోడు వచ్చే ఆడమనిషికైనా. మక్తల్, కృష్ణ వైపువాళ్లకు రైలుంది. జక్లేర్-కృష్ణ లైను, కాచిగూడ-రాయచూరు రైలు 2023 అక్టోబర్ 1న మొదలయ్యాయి. క్యాన్సర్ పేషెంటుకూ, వెంట వెళ్లే ఒక మనిషికీ సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంటుకు పూర్తిగా ఉచితం, తోడుకు 75 శాతం. దీనికి రైల్వే వాళ్ల నమూనాలో ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్ కావాలి. మొదటి రోజే అడిగి తీసుకోండి.

పండగకు ఊరికి పోయి నాలుగు రోజులు ఆగి వస్తే ఏమైతది?

నష్టం జరుగుతుంది. విడతల మధ్య ఖాళీ వస్తే మిగిలిన జబ్బు కణాలు మళ్లీ పెరుగుతాయి, స్క్వామస్ క్యాన్సర్లలో ఇది మరీ ఎక్కువ. కోత కోసం, పెళ్లి కోసం, పీర్ల పండగ కోసం ఆపకండి. తప్పనిసరైతే ముందే చెప్పండి.

ఆస్పత్రి వైపు నుంచీ ఆగొచ్చు, యంత్రం పాడవచ్చు. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోకుండా ‘ఈ ఖాళీని ఎలా పూడుస్తారు’ అని అడిగే హక్కు మీకుంది. శనివారం పెట్టడం, ఒకే రోజు కొన్ని గంటల తేడాతో రెండు విడతలు పెట్టడం, వేరే యంత్రానికి మార్చడం, ఇలా పద్ధతులున్నాయి. జవాబు కేస్ షీటులో రాయమనండి.

కరెంటు అంటే షాక్ కొడ్తదా? ఇంట్ల చిన్నపిల్లలున్నరు, దగ్గరికి రావొచ్చునా?

షాక్ ఉండదు. పెట్టేటప్పుడు నొప్పి కూడా తెలియదు, అది ఎక్స్‌రే లాంటి కిరణమే, శక్తి చాలా ఎక్కువ. బయటి నుంచి పెట్టే రేడియేషన్ ఒంట్లో మిగలదు. మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. విడిగా గదిలో పెట్టాల్సిన పని లేదు, అలా పెట్టిన ఇళ్లలో పేషెంటు అనవసరంగా కుంగిపోతాడు. ఛాతీ మీద గీసిన గుర్తులను మాత్రం కోర్సు అయ్యేదాకా కడిగేయకండి.

రేడియేషన్ యంత్రం నడపాలంటే 2004 రేడియేషన్ రక్షణ నిబంధనల కింద అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్సు ఉండాలి. రేడియేషన్ డాక్టరు, మెడికల్ ఫిజిసిస్టు, భద్రతాధికారి ఉండాలి. లైసెన్సు చూపించమని అడగడంలో తప్పేం లేదు.

మూడో వారం నుంచి నీళ్లు కూడ మింగుతలేడు. ఆపమందామా?

మూడో వారం ప్రాంతంలో అన్నవాహిక లోపల మంట రావడం మామూలే, అది జబ్బు పెరిగిందని కాదు. ఆపకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మింగే ముందు తాగే నొప్పి మందులున్నాయి, ముక్కు నుంచి గానీ పొట్టకు గానీ గొట్టం పెట్టి తిండి ఇచ్చే వీలుంది. మెత్తగా కాచిన జొన్న జావ, మజ్జిగ, పప్పు కట్టు, గుడ్డు, పాలు, ఇలా గొంతు దిగే వాటినే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. కారం, పచ్చళ్లు, వేడివేడి టీ ఆపండి. వారానికోసారి బరువు చూడమని నర్సును అడగండి.

బిల్లు కట్టేదాకా పంపియ్యమంటున్నరు. ఎవరికి చెప్పుకోవాలె?

బిల్లు బాకీ ఉందని పేషెంటును గానీ, చనిపోయిన మనిషి శవాన్ని గానీ ఆపి ఉంచకూడదని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. మందులు, పరీక్షలు తమ దగ్గరే కొనాలి, చేయించాలి అని ఒత్తిడి చేయకూడదు. ధరలు కనిపించేలా పెట్టాలి. ఆస్పత్రి మాట వినకపోతే ఆ జిల్లా వైద్యాధికారికి రాయండి, 104కు చెప్పండి, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండేళ్లలోపు వెళ్లాలి. రూ.5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. సలహాకు 1915.

కోర్సు అయిపోయింది. ఇంక పోవాల్నా?

పోవాలి. కొన్ని వారాల తర్వాత స్కాన్, ఎండోస్కోపీ చేస్తారు, ఆ తర్వాత మొదటి రెండేళ్లు చెకప్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి. రేడియేషన్ పెట్టినచోట మచ్చ కట్టి అన్నవాహిక సన్నబడి మళ్లీ ముద్ద అడ్డం పడొచ్చు. జబ్బు తిరగబెట్టిందని అప్పుడే అనుకోవద్దు, చాలాసార్లు ఎండోస్కోపీతో వెడల్పు చేస్తే సరిపోతుంది. దగ్గు, ఆయాసం వస్తే ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా రేడియేషన్ పెట్టిన ఆస్పత్రికే వెళ్లండి, ఊపిరితిత్తులకు కిరణాల తాకిడి వల్ల నెలల తర్వాత కూడా అలా అవుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మోతాదు, విడతలు, తేదీలు రాసి ఉన్న రేడియేషన్ సమ్మరీ చేతిలో ఉండాలి. అది ఇవ్వకుండా పంపేస్తుంటే అడిగి తీసుకునే బయటికి రండి.